మేక క్షేమం

మోంతె క్రిస్తి, ఉప్పు మళ్ళు
జనవరి మొదటి వారం

గౌరవనీయులైన కొంపాద్రె దమాసో గారికి,

ఈ ఉత్తరం తెస్తున్న ఉప్పు లారీలోంచి రెండు ప్రాణులు దిగుతాయి. ఒకటి మా కిరీనో, మీరు పద్రీనోగా, జ్ఞానతండ్రిగా దగ్గరుండి జ్ఞానస్నానం చేయించిన బిడ్డ. రెండోది మేక. వాణ్ణి మీరు చివరిసారి చూసినప్పుడు మోకాలెత్తు ఉండేవాడు కనక గుర్తుపట్టరేమోనని చెబుతున్నాను, గడ్డం ఉన్నది మేక.

ముందు మేక సంగతి. మా మళ్ళ గట్ల మీద పుట్టి, అడవి ఒరెగానో ఆకు తప్ప ఇంకోటి మేయకుండా పెరిగింది. కూరలో మసాలా వేస్తే దాన్ని అవమానించినట్టే. మా వైపు ఆనవాయితీ మీకు తెలుసు. కొడుకు మొదటిసారి తన స్థానంలో నిలబడి ఆట ఆడిన రోజున తండ్రి పంపిన మేకను కోసి జట్టంతా తినాలి. ఒక రోజు ముందు కోసినా తప్పే, ఒక రోజు ఆలస్యమైనా తప్పే. మీరు పెద్దగా ఏమీ రాయక్కర్లేదు. "మేక రుచిగా ఉంది" అని ఒక్క ముక్క రాయండి, ఇక్కడ మేం పండగ చేసుకుంటాం.

ఇక పిల్లాడి సంగతి. వాడి తల మీద పాదిరీ నీళ్ళు పోసిన రోజున మీరన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది. "నా తర్వాత సాంతా బ్రిహిదా మిల్లు బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్ వీడే" అన్నారు. పాదిరీ కూడా విన్నాడు. ఇప్పుడు ఆ జట్టుకి మీరే పెద్ద కనక, మాట నిలబెట్టుకోవడానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య మీరు కాపు కాసిన ఆ చోటికి వాడి చేతులు సరిపోతాయో లేదో మీరే చూస్తారు. నేల మీద బంతి పాములా వచ్చినా, కప్పలా వచ్చినా వాడి చేతిలోకి వచ్చి పడుకుంటుంది. బ్యాటింగ్ కూడా మెరుగవుతోంది.

మీరూ నేనూ "ఒరే" మానేసి "మీరు" అనుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ జ్ఞానస్నానం రోజునే. కొంపాద్రెలు ఒకరినొకరు "ఒరే" అనుకుంటే బిడ్డకు అరిష్టమని మా అమ్మ అనేది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ నోరు జారలేదు. మీరు రెండుసార్లు జారారు, రెండుసార్లూ డొమినో బల్ల దగ్గరే కనక పట్టించుకోలేదు.

మీ ఇంట్లో కొమాద్రె తియోదోరా గారికి నా నమస్కారాలు.

మీ
ఫెర్మీన్


సాంతా బ్రిహిదా చక్కెర మిల్లు
జనవరి చివర

గౌరవనీయులైన కొంపాద్రె ఫెర్మీన్ గారికి,

లారీ క్షేమంగా చేరింది. కిరీనో క్షేమం. మేక క్షేమం.

పిల్లాణ్ణి బండ్లకి చెరకు ఎత్తే పనిలో పెట్టించాను. మా ఇంట్లోనే తింటున్నాడు, మా వెనక గదిలోనే పడుకుంటున్నాడు. మాటామంతీ తక్కువ. తియోదోరాకి వాడంటే ఎంత ముద్దో, నాకు వేసే ముద్ద చిన్నదైపోయింది.

వాడి చేతుల గురించి మీరు రాసింది తక్కువ. మొదటి రోజు సాధనలో నేనే బంతులు కొట్టి చూశాను. గులకరాయికి తగిలి పక్కకి ఎగిరిన బంతిని కూడా, అది అటే ఎగురుతుందని ముందే తెలిసినట్టు అందుకున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెరకు మసి పడిందని పక్కవాళ్ళతో చెప్పాను.

తర్వాత బ్యాట్ ఇచ్చాను. కొంపాద్రె, "మెరుగవుతోంది" అని మీరు రాశారు కదా, అంతకు ముందు ఎలా ఉండేదో నాకు ఊహకి అందడం లేదు. బంతి వస్తుంది, వాడు దాన్ని ఎంతో మర్యాదగా చూస్తాడు, అది వెళ్ళిపోతుంది.

"ఎందుకురా ఊపవు?" అని అడిగాను.

"ఊపుదామనే అనుకుంటా పద్రీనో. ఈలోగా అది వెళ్ళిపోతుంది."

ఇంకో కుర్రాడున్నాడు, లియోన్సియో అని, ఎడ్లబండి తోలతాడు. ఏనుగు పిల్లలా ఉంటాడు. వాడు కొడితే బంతి మైదానం దాటి, రైలు పట్టాలు దాటి, మొలాసిస్ తొట్టి రేకు మీద పడి మోగుతుంది. ఆ మోత వినపడితే చాలు, మంగలి షాపులో కూర్చున్నవాళ్ళు కూడా లేచి చప్పట్లు కొడతారు. వాడూ షార్ట్‌స్టాప్ లోనే ఆడతానంటున్నాడు. కాకపోతే నేల మీద వచ్చిన బంతి వాడి కాళ్ళ మధ్యనుంచి ఊరేగింపుగా వెళుతుంది. వాణ్ణీ అడిగాను. "వంగుదామనే అనుకుంటా అన్నా. ఈలోగా అది వెళ్ళిపోతుంది" అన్నాడు.

ఒకడు ఊపేలోగా, ఒకడు వంగేలోగా. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషి తయారవుతాడు. ఆలోచిస్తున్నాను.

మీ
దమాసో


మోంతె క్రిస్తి
ఫిబ్రవరి

గౌరవనీయులైన కొంపాద్రె దమాసో గారికి,

మీ ఉత్తరం అందింది. "మేక క్షేమం" అని రాశారు. చదివి మా వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేక ఎందుకు క్షేమం?

పోటీలు మొదలై ఆదివారాలు గడిచిపోతున్నాయని ఉప్పు లారీ డ్రైవర్ చెప్పాడు. మిల్లుల మధ్య ఆట జరుగుతోంది, మేక బతికి ఉంది. ఈ రెండూ నా బుర్రలో ఒకచోట ఇమడడం లేదు. బహుశా ఉత్తరం రాశాక కోసి ఉంటారు. ఉప్పు మోసే మా వాళ్ళకి అలాగే చెప్పాను.

అయినా ఒక మాట. లియోన్సియో కొట్టిన బంతి రేకు మీద పడితే ఊరంతా వింటుంది. నా కొడుకు ఆపిన బంతి ఎక్కడ మోగుతుంది? వాడి చేతిలో "టప్" మంటుంది, అంతే. కొట్టిన పరుగూ పరుగే, ఆపిన పరుగూ పరుగే. ఒకటి పలక మీద రాస్తారు, ఇంకోటి రాయరు. రాయనంత మాత్రాన లేకుండా పోతుందా? మీరు షార్ట్‌స్టాప్, నేను పక్కన రెండో బేస్, పన్నెండేళ్ళు మనం తిన్న దుమ్మంతా ఆపిన పరుగుల దుమ్మే కదండీ.

ఇంకో సంగతి, బంతి వేసేది ఎవరు? ముసలి బసీలియో ఇంకా వేస్తున్నాడా? వేస్తుంటే కొంపాద్రె, అతని బంతి చివర్లో కిందికి దిగిపోతుంది, ఎంతటివాడు కొట్టినా నేల మీదే దొర్లుతుంది. ఆ దొర్లినవాటిలో సగం షార్ట్‌స్టాప్ దగ్గరికే, గింజలు చల్లితే కోళ్ళు వచ్చినట్టు వస్తాయి. అక్కడ కాళ్ళ మధ్య తలుపు తెరిచి పెట్టినవాణ్ణి నిలబెడతారా?

ఆ బండివాడు అంత బాగా కొడితే వాణ్ణి దూరంగా ఎడమవైపు చివర నిలబెట్టండి. అక్కడికి వచ్చే బంతులే తక్కువ, వంగడానికి కావలసినంత సమయం ఉంటుంది. ఇద్దరూ ఆడతారు, మేక తెగుతుంది. ఇంతకీ ఎడమవైపు చివర ఎవరు ఆడుతున్నారు?

మీ
ఫెర్మీన్


సాంతా బ్రిహిదా మిల్లు
మార్చి మొదట్లో

గౌరవనీయులైన కొంపాద్రె ఫెర్మీన్ గారికి,

మేక క్షేమం. అసలు క్షేమం అనడం కూడా చాలదు, ఒళ్ళు చేసింది. తియోదోరా కిటికీ తెర తిన్నది. మా పక్కింటావిడ చర్చికి కట్టుకునే లేసు గుడ్డ తిన్నది. ఉప్పుకి అలవాటు పడిన నోరేమో, చెమట వాసన ఎక్కడొస్తే అక్కడికి పోతుంది. ఆదివారం ఆటయ్యాక జట్టువాళ్ళు చొక్కాలు కంచె మీద ఆరేస్తే అన్నిటినీ నాకి శుభ్రం చేసింది. అది నాకుతుంటే కుర్రాళ్ళు పగలబడి నవ్వుతారు. దానికి "మేడమ్" అని పేరు పెట్టారు.

మీరు అడిగారు కనక దాచను. షార్ట్‌స్టాప్ లో లియోన్సియో ఆడుతున్నాడు. కొంపాద్రె, మీరు మోంతె క్రిస్తిలో కూర్చుని ఆపిన పరుగుల గురించి రాయగలరు. ఇక్కడ ఆదివారం పూట మిల్లు మొత్తం వచ్చి కూర్చుంటుంది. ఎదుటివాళ్ళని సున్నాకి కట్టేశాక మనం కూడా సున్నా దగ్గరే కూర్చుంటే చీకటి పడుతుంది తప్ప ఎవరూ గెలవరు. ఇప్పటికి ఓడిన ఆటలకంటే గెలిచిన ఆటలే ఎక్కువ. అయితే మేం తొమ్మిది పరుగులు చేస్తే ఎదుటివాళ్ళు ఎనిమిది చేస్తున్నారు. ప్రతి ఆటకీ నా ఆయుష్షు కొంచెం తరుగుతోంది.

కిరీనో బెంచీ మీద కూర్చుంటున్నాడు. లియోన్సియో బంతి వదిలేసిన ప్రతిసారీ వీడి చేతి వేళ్ళు ముడుచుకుంటాయి. నేను అటు చూడను.

బసీలియోయే బంతి వేస్తున్నాడు. మీరు అడిగిన మిగతా విషయాలు తీరిగ్గా రాస్తాను. చెరకు తూచే కాటా దగ్గర పని ఎక్కువగా ఉంది.

మీ
దమాసో


మోంతె క్రిస్తి
మార్చి

దమాసో,

గౌరవనీయులైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను ఇక్కడ ఏం చేశానో తెలుసా? నా కొడుకు షార్ట్‌స్టాప్ అయ్యాడని ఉప్పు మళ్ళ మీద అందరికీ చెప్పాను. రెండు మేకలు కోయించి తినిపించాను. తిన్నవాళ్ళు ఇప్పుడు లారీ డ్రైవర్ని అడిగి అసలు సంగతి తెలుసుకుని, నేను కనపడితే "మ్మే" అంటున్నారు. పాదిరీ కూడా అన్నాడు.

ఒరే దమాసో. ఇదిగో, రాసేశాను. మా అమ్మ ఆత్మ నన్ను క్షమించుగాక. ఒరే, పన్నెండేళ్ళు నా పక్కన ఆడావు. ఏం కొట్టావురా నువ్వు? నీ బ్యాట్‌తో నువ్వు చేసిన పని చెప్పులకి అంటిన మట్టి రాల్చుకోవడం. అయినా నిన్ను ఆ స్థానంలోంచి కదిలించమని ఎవడైనా అన్నాడా? అన్నవాణ్ణి నేను ఊరుకున్నానా? నీకు లేని రూలు నా కొడుక్కి ఎక్కడినుంచి వచ్చింది?

ఎడమవైపు చివర ఎవరని అడిగితే జవాబు లేదు. కాటా దగ్గర పనట.

విను. చెరకు కోత ముగిసి ఆఖరి ఆట అయ్యేవరకు చూస్తాను. అప్పటికీ వాడు షార్ట్‌స్టాప్ లో నిలబడకపోతే వాణ్ణీ మేకనీ ఒకే లారీ ఎక్కించు. వాడు ఇక్కడ ఉప్పు తోడుకుంటాడు. ఆ తర్వాత మన మధ్య కొంపాద్రె అనే మాట ఉండదు.

ఫెర్మీన్


సాంతా బ్రిహిదా మిల్లు
మార్చి

ఒరే ఫెర్మీన్,

"ఒరే" అనడం నాకూ వచ్చు.

నేను ఏం కొట్టానని అడిగావు. ఏమీ కొట్టలేదు. అందుకే లా కొలొరాదా మిల్లువాళ్ళ మీద ఆఖరి ఆట సున్నా-ఒకటితో ఓడిపోయాం. మూడు బేస్‌ల మీదా మనవాళ్ళు ఉన్నారు, బ్యాట్ నా చేతిలో ఉంది, మూడు బంతులూ ఊపకుండా గుడ్లప్పగించి చూసి అవుటయ్యాను. మూడింటిలో ఒక బేస్ మీద ఉన్నది నువ్వేరా. మర్చిపోయావా?

మేక నా టోపీ తిన్నది. అదీ నీ మనిషే.

దమాసో


సాంతా బ్రిహిదా మిల్లు
ఏప్రిల్

కొంపాద్రె ఫెర్మీన్ గారికి తియోదోరా రాయునది.

మా ఆయనకి తెలియకుండా రాస్తున్నాను. తెలిసినా ఫరవాలేదు.

మీరిద్దరూ గడ్డాలు నెరిశాక ఈ ఒరేలేమిటండీ? మీ ఉత్తరం వచ్చిన రోజు ఈయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. నేను అరటికాయ ముద్ద చేసిన రోజున మా ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు.

మీకు ఈయన చెప్పనివి రెండున్నాయి. మొదటిది మంగలి షాపు. ఆ సున్నా-ఒకటి ఆట తర్వాత మీరు మోంతె క్రిస్తి వెళ్ళిపోయారు, ఈయన ఇక్కడే ఉన్నాడు. ఈనాటికీ ఆ కుర్చీలో కూర్చుంటే మంగలి ఏమంటాడో తెలుసా? "కదలకుండా చూస్తూ ఉండు దమాసో, అది నీకు బాగా వచ్చు కదా" అంటాడు. షాపంతా నవ్వుతుంది. ఈయనా నవ్వుతాడు. ఇంటికొచ్చి అద్దం ముందు ఊరికే నిలబడతాడు. మొన్న గట్టిగా నిలదీస్తే చెప్పాడు, "నేను పడ్డది చాల్లే, ఆ పిల్లాడు కూడా బ్యాట్ పట్టుకుని వాళ్ళ నోట్లో పడ్డం నేను చూడలేను" అని. కిరీనో మీద ప్రేమ లేక కాదండీ, ఎక్కువై వాణ్ణి బెంచీ మీద దాచిపెట్టాడు. దాచిపెడితే బూజు పడుతుందని నేనన్నాను. వినలేదు.

రెండోది ఎడమవైపు చివర. అక్కడ ఆడేది దొన్ అనిసెతో. చెరకు కాటాకి పెద్ద. మా ఆయన ఆయన చేతికింద పనిచేస్తాడు. ఆ పెద్దమనిషికి నాకంటే వయసు ఎక్కువ, నాకంటే పొట్ట ఎక్కువ. నోట్లో చుట్టతో నిలబడతాడు. బంతి వస్తే పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు. ఆయన్ని కూర్చోమని చెప్పే మగాడు ఈ మిల్లులో పుట్టలేదు. చెబితే కాటా దగ్గర ఉద్యోగం ఉండదని మా ఆయన భయం. అందుకని షార్ట్‌స్టాప్ గురించి తల బాదుకుంటాడు, ఎడమవైపు తల తిప్పడు.

ఆఖరి ఆట మళ్ళీ లా కొలొరాదాతోనే. మే నెల రెండో ఆదివారం. మీరు తిట్టదలుచుకుంటే దీనికి తిట్టండి.

మేక క్షేమం. నేను కోయనివ్వను కూడా.

తియోదోరా


మోంతె క్రిస్తి
ఏప్రిల్ చివర

ఒరే దమాసో,

"మీరు" కి వెనక్కి వెళ్దామని కూర్చున్నాను, రాలేదు. ఇదే హాయిగా ఉంది.

ఎవరు చెప్పారని అడక్కు. ఎడమవైపు ఎవరున్నారో నాకు తెలిసింది. ఒరే పిచ్చివాడా, షార్ట్‌స్టాప్ లో చేతులా, బ్యాటా అని ఇన్ని నెలలుగా నువ్వూ నేనూ కాగితాలు ఖరాబు చేసుకున్నామే, మధ్యలో ఒక ముసలాయన చుట్ట కాలుస్తూ నిలబడి ఉన్నాడా? వెళ్ళి చెప్పు. "దొన్ అనిసెతో గారూ, కూర్చోండి" అని చెప్పు. గౌరవంగానే చెప్పు. ఉద్యోగం పోతే ఇక్కడికి రా. ఉప్పు మళ్ళలో ఇంకో పారకి ఎప్పుడూ చోటుంటుంది. నా ఇంట్లో మంచం కూడా ఉంది.

మంగలి షాపు గురించి కూడా విన్నాను. నాకు రాయాల్సింది కదరా. నేను ఆ రోజు మూడో బేస్ మీద ఉన్నాను, మర్చిపోలేదు. అక్కడినుంచి నీ మొహం నాకు కనపడింది. ఆ మూడో బంతి అసలు కొట్టదగ్గ బంతి కాదు. అంపైర్ తప్పు. ఇంతకాలం నీకు చెప్పలేదు, నీకు తెలుసనుకున్నాను.

నా కొడుకు మూడు బంతులూ చూస్తూ నిలబడతాడు, నవ్వించుకుంటాడు. నవ్వనీ. వాడికి చేతులున్నాయి. వాడు నవ్వులకి తట్టుకోలేడనుకుని నువ్వు వాడి చేతులు కూడా బెంచీ మీద పెట్టకు.

ఇక్కడ వానలు ముంచుకొస్తున్నాయి, ఉప్పు ఎత్తకపోతే కరిగిపోతుంది. ఆఖరి ఆటకి రాలేను. లారీ మాత్రం వస్తుంది. వాడూ మేకా ఎక్కాలా వద్దా అన్నది నీ ఇష్టం.

ఫెర్మీన్


సాంతా బ్రిహిదా మిల్లు
మే

ఒరే ఫెర్మీన్,

లారీ ఖాళీగా వస్తుంది. ముందే చెప్పేశాను కనక ఇక తీరిగ్గా చదువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వారం తిరిగాను. దొన్ అనిసెతో రోజూ కాటా దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. రోజూ నోరు తెరిచాను. "దొన్ అనిసెతో గారూ" అనేవాణ్ణి. "ఏం దమాసో" అనేవాడు. "ఎండ ఎక్కువగా ఉందండీ" అనేవాణ్ణి. అలా ఆదివారం వచ్చేసింది, జట్టు మారలేదు.

శనివారం మాత్రం నీ మేక ఒక పని చేసింది. సాధన అయ్యాక లియోన్సియో తన గ్లవ్‌ని కంచె మీద ఆరేశాడు. అది చెమటతో ఉప్పుగడ్డలా ఉంది. పొద్దున్న చూస్తే తాళ్ళూ, వేళ్ళ మధ్య తోలూ లేవు. మేడమ్ నెమరేస్తూ పడుకుంది. లియోన్సియో దాని ముందు చతికిలబడి ఏడుపు మొహం పెట్టాడు. అప్పుడు నీ కొడుకు లోపలికెళ్ళి తన గ్లవ్ తెచ్చి వాడికిచ్చాడు. ఆట మొదలయ్యేసరికి ఒట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఒరే, నేను ఈసారి కూడా అటు చూడకూడదనుకున్నాను. చూశాను.

ఆట సంగతి. లియోన్సియో మూడో ఇన్నింగ్స్‌లో కొట్టింది మొలాసిస్ తొట్టి రేకు మీద కూడా పడలేదు, దాన్ని దాటిపోయింది. మూడు పరుగులు మావి. తర్వాత బసీలియో బంతులు మామూలుగానే కింద దొర్లడం మొదలుపెట్టాయి, మామూలుగానే వాడి కాళ్ళ మధ్యనుంచి వెళ్ళాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు-రెండు. అప్పుడు లియోన్సియో ఆట ఆపి, మైదానం మధ్యనుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, గ్లవ్ మంచిదే. నా మాట వినడం లేదు. దీని యజమానినే పంపు" అన్నాడు. అంతమందిలో ఒక కుర్రాడు తనంతట తానే వచ్చి ఆ మాట అన్నాక నేను ఏ మొహంతో నిలబడను? నేరుగా ఎడమవైపు చివరికి నడిచాను. ఎంత దూరంరా అది. మిల్లంతా నన్నే చూస్తోంది. మధ్యలో నీ ఉప్పు మళ్ళు, నీ ఇంట్లో మంచం, అన్నీ గుర్తుచేసుకున్నాను.

"దొన్ అనిసెతో గారూ, కూర్చోండి" అన్నాను.

ఆయన చుట్ట తీసి నన్ను చూశాడు.

"ఇప్పటికా చెప్పేది దమాసో?" అన్నాడు. "నా మోకాళ్ళు అరిగిపోయాయయ్యా. నాకై నేను మానేస్తే మా ఆవిడ ముసలాడివైపోయావంటుంది. నువ్వు తీసేస్తే నీ మీద పెట్టొచ్చు. ఆరేళ్ళనుంచి ఎదురుచూస్తున్నాను, ఒక్క మగాడూ నోరు విప్పడు." తన గ్లవ్ తీసి, నా వెనకే వచ్చిన లియోన్సియోకిచ్చాడు. కొత్తది కొన్నట్టే ఉంది, దానికి బంతి ఎప్పుడూ తగల్లేదు కదా. మా భయమంతా ఇందుకురా, ఆరేళ్ళు.

కిరీనో తన గ్లవ్ తొడుక్కుని నా పాత చోట నిలబడ్డాడు. మా బ్యాటింగ్ వచ్చినప్పుడు దొన్ అనిసెతో వంతు వాడిదే అయింది. నిజం చెబుతున్నాను, మూడు బంతులూ ఎంతో మర్యాదగా చూసి వెనక్కి వచ్చాడు. జనం నవ్వారు. మంగలి లేచి నిలబడి మరీ నవ్వాడు. వాడు నా పక్కనుంచి వెళుతూ, "మూడోది మంచి బంతే పద్రీనో, కొడితే బావుండేది" అన్నాడు నెమ్మదిగా, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు. వాడికి అసలు ఏమీ కాలేదురా. ఇన్ని నెలలు నేను దాచింది వాణ్ణి కాదు, నన్నే.

ఆఖరి ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్. మూడు బేస్‌ల మీదా లా కొలొరాదా వాళ్ళు. బసీలియో అలిసిపోయాడు. కొట్టిన బంతి మూడో బేస్‌కీ షార్ట్‌స్టాప్‌కీ మధ్య సందులోకి దూసుకెళ్ళింది. నేను ఆడే రోజుల్లో అయితే దాన్ని చూసి టోపీ తీసేవాణ్ణి. కిరీనో ఎప్పుడు కదిలాడో నేను చూడలేదు. చూసేసరికి బంతి వాడి చేతిలో ఉంది, వాడు గాల్లో పక్కకి పడిపోతూ ఉన్నాడు, పడిపోతూనే విసిరాడు. మొదటి బేస్ దగ్గర "టప్" మంది. అంతే. నువ్వు రాసిన ఆ టప్పేరా. మూడోవాడూ అవుట్, గెలిచాం. నేను అందరి ముందూ ఏడ్చాను, ఈసారి చెరకు మసి అని ఎవరితోనూ చెప్పలేదు.

మర్నాడు మంగలి షాపుకి వెళ్ళాను. అందరూ లియోన్సియో కొట్టిన దెబ్బ గురించే మాట్లాడుతున్నారు. అది తొట్టిని దాటిందా, మిల్లు పొగగొట్టాన్ని దాటిందా అని పందాలు. నీ కొడుకు ఆపిన బంతి గురించి ఒక్కడూ ఎత్తలేదు. అది ఆగకపోతే రెండు పరుగులు వచ్చేవి, మనం ఓడిపోయేవాళ్ళం. మంగలి నా గడ్డానికి నురగ పట్టించి, "కదలకుండా చూస్తూ ఉండు దమాసో" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. సగం గడ్డంతో ఆ బంతి ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో, వాడు ఏ కాలు ముందు వేశాడో, కుర్చీలు పక్కకి జరిపి, నేల మీద పడి మరీ చూపించాను. నడుం పట్టేసింది. తియోదోరా నూనె రాస్తూ తిడుతోంది, మంచం మీద పడుకునే ఇది రాస్తున్నాను. ఊళ్ళో ఇప్పుడు ఇద్దరు షార్ట్‌స్టాప్‌లట, ఒకడు ఆడేవాడు, ఒకడు వాడి గురించి చెప్పేవాడు.

మీ అమ్మ మాట పొల్లుపోయింది. మనం "ఒరే" అనుకున్నాకే బిడ్డకి చోటు దొరికింది. కనక ఇలాగే కానిద్దాం.

ఇక ఆనవాయితీ. గెలిచిన సాయంత్రమే కత్తి నూరాను. పెరట్లోకి వెళ్ళేసరికి జట్టు మొత్తం మేక చుట్టూ నిలబడి ఉంది, ముందు లియోన్సియో. "ఇది నా గ్లవ్ తినకపోతే నేను ఇంకా ఆ బంతుల వెనకే తిరుగుతూ ఉండేవాణ్ణి అన్నా. దీన్ని కోస్తే నేను రేపటినుంచి ఆడను" అన్నాడు. కిరీనో దాని మెడ మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. నీ వైపు ఆనవాయితీ చెప్పి చూశాను. "నాన్నకి నేను రాస్తాలే పద్రీనో" అన్నాడు. వాడు అంత గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి. దొన్ అనిసెతో సంతోషం పట్టలేక ఒక పందిని పంపాడు. అందరం తిన్నాం, బావుంది.

వానలు తగ్గాక రా. నీ చోటు నీకుంది, నీ పాత రెండో బేస్ లాగే నా పక్కన, బెంచీ మీద. ఒక్క ముక్క రాస్తే చాలన్నావు కదా. "రుచిగా ఉంది" అని రాయలేను.

నీ కొడుకు షార్ట్‌స్టాప్ లో ఉన్నాడు. మేక క్షేమం.

దమాసో